మింగిందా, లేదా

మా చిట్టెమ్మ వదినను ఊళ్లో తలెత్తుకోనివ్వకుండా చేసింది మీరే. హైదరాబాదు టీవీ ఆఫీసులో చల్లగదిలో కూర్చుని, కోస్తామన్న చోట కొయ్యకుండా, కొయ్యకూడని చోట టేపు కోసినవాళ్లు మీరు. మా పొయ్యి దగ్గరకు చెప్పులు విప్పకుండా వచ్చినవాళ్లు మీరు. "ఇంకా కొత్త అవలేదు బాబూ" అని ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంటే నవ్వినవాళ్లు మీరు. మీతోపాటు జీపు ముందుసీట్లో కూర్చుని దారి చూపించినవాడు వరహాలరావు. మీకు తెలియదు అనుకుందాం. ఇరవై ఏళ్లుగా మా కొండల్లో అడ్డాకులు, చింతపండు కొంటున్న వరహాలరావుకు తెలియదా?

జరిగింది జరిగినట్టు చెబుతాను. అందంగా చెప్పడం నాకు రాదు, దాంతో పనీ లేదు.

కొత్త అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ముందు ఆ ముక్క. అరకు చుట్టూ ఉన్న మా కొండ ఊళ్లలో ఏ కాయ కాసినా, ఏ గింజ పండినా ముందు దేవతకు పెట్టాలి. ఆ పండుగ పేరు కొత్త. చిక్కుడు కొత్త, సామ కొత్త, మామిడి కొత్త. కొత్త అయ్యేదాకా చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా ఎవరూ నోట్లో పెట్టరు. పిల్లలు కూడా పెట్టరు. ఒకరు ముందే తింటే ఆ కీడు ఊరందరికీ అని మా నమ్మకం. ఇది మూఢనమ్మకమని నాతో వాదించడానికి చాలామంది వచ్చారు. మామిడి పిందెలన్నీ దులిపి తినేస్తే వానాకాలంలో టెంకపిండి అంబలి ఎక్కడినుంచి వస్తుందని నేను అడుగుతాను. వాళ్లు గొంతు సవరించుకుని వేరే మాట ఎత్తుకుంటారు.

రెండువేల అయిదులో కాఫీ బాగా కాసింది. మా అన్న గాసి టీవీ కొన్నాడు. పెంకుల మీద డిష్ గొడుగు పెట్టించాడు. ఇంట్లో మేము అయిదుగురం. అమ్మ, అన్న, చిట్టెమ్మ వదిన, వాళ్ల కూతురు సోని, నేను. మధ్యాహ్నం ఒంటిగంటకు వంటల కార్యక్రమం వచ్చేది. మేము తోటలోంచి వచ్చి అంబలి తాగే వేళ అదే. సోని కూడా బడినుంచి పరిగెత్తుకొచ్చేది. కరెంటు ఉంటే చోడి అంబలి తాగుతూ రొయ్యల వేపుడు చూసేవాళ్లం. కరెంటు లేకపోతే ఉత్త అంబలి.

"ఓలె, ఆ నూనె సూడు," అనేది అమ్మ. "గానుగోడి కూతురేటి అది?"

"ఏయించడానికి నానమ్మా," అనేది సోని.

"ఏయించడానికా, ఈత కొట్టడానికా?"

అన్న నవ్వి పొలమారేవాడు. అమ్మ అక్కడితో ఆగేది కాదు. "పొగ లేదు, కట్టెల్లేవు, కళ్లమ్మట నీళ్లు లేవు. అది వంటేటే? బొమ్మలాట."

"గిన్నెలెవులు తోముతారో ఒక్కనాడూ సూపించరు," అనేది వదిన. ఆమెకు అదే అనుమానం. కానీ ఇంట్లో ఆ కార్యక్రమం మీద అందరికంటే ఇష్టం ఉన్నది కూడా ఆమెకే. ఒంటిగంట కాబోతుంటే ఏ పనిలో ఉన్నా చేతులు కడుక్కుని వచ్చి ముందు వరసలో కూర్చునేది.

వంట చేసే మనిషి రోజూ మారేది. పక్కన నిలబడి మాట్లాడే ఆవిడ మాత్రం మారేది కాదు. ఆమెకేదో పేరుంది, సోనికి తెలుసు. మాకు మాత్రం గాజులమ్మ. మోచేతిదాకా గాజులు. వంట అయ్యాక గాజులమ్మ చెంచాతో ఇంత తీసి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసి, "అబ్బ, ఎంత బాగుందో" అనేది. ఆ వెంటనే సబ్బు ప్రకటన.

"మింగలేదు," అనేది అమ్మ.

"మింగింది నానమ్మా. నవిలింది కదా."

"నవిలితే మింగినట్టేనేటి? గొంతు సూడాల. గుటక పడిందా?"

అప్పటినుంచి అది మా ఇంట్లో ఆట అయిపోయింది. గాజులమ్మ చెంచా ఎత్తగానే అయిదుగురం ఆమె గొంతు మీద చూపు పెట్టేవాళ్లం. అన్న అయితే టీవీ దాకా జరిగి ముక్కు ఆనించేవాడు. ప్రతిరోజూ గుటక పడేలోపల ప్రకటన వచ్చేసేది. సోని ఒక్కతే మింగిందనేది, మిగతా నలుగురం మింగలేదనేవాళ్లం. ఓడింది కాబట్టి కుండలు సోని తోమాలి. ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్న రోజున వాళ్లూ అదే ఆట. కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ పెట్టెలో ఎవరూ ఏదీ మింగరని మా ఇంట్లో తీర్మానం జరిగిపోయింది.

రెండువేల ఆరు ఫిబ్రవరిలో ఆ గాజులమ్మే మా ఇంటికి వచ్చింది. నేను చూడలేదు. పోడు పట్టాల గురించి పాడేరులో ధర్నా ఉంటే అక్కడ కూర్చున్నాను. అమ్మ, అన్న మా మేనమామ దినానికి వెళ్లారు. సోని బడిలో ఉంది. వదిన ఒక్కతే ఇంట్లో ఉంది. వరహాలరావు జీపు ఊళ్లోకి తెచ్చి, కొండవంట చేసే ఆడమనిషి కావాలని వాకబు చేసి, మా ఇంటి ముందు దించాడు. చప్పుడు రికార్డు అవుతుందని పిల్లల్ని, ముసలివాళ్లని అవతలికి తోలేశాడు. రెండు గంటల్లో పని ముగించుకుని వెళ్లిపోయారు.

నేను వచ్చేసరికి సోని ఎగురుతోంది. "అత్తా, అమ్మ టీవీలో వత్తాది. ఉగాది పోగ్రాంలో."

"ఏటి వండినావు వదినా?"

"కొర్రన్నం," అంది.

"ఉత్త కొర్రన్నమా?"

"ఆఁ. అదే."

ఇంకేమీ చెప్పలేదు. గాజులమ్మ ఎలా ఉంది, ఎంత ఎత్తుంది, గాజులు బంగారమా కాదా అని మేము అడిగినవాటికి మాత్రం జవాబిచ్చింది. పొయ్యి పక్కన ఉండే పెద్దకుండ కనబడలేదు. ఏదమ్మా అంటే జారి పగిలిందంది. సరే అనుకున్నాం.

మార్చి మొదట్లో వడగళ్లు పడ్డాయి. పావుగంట. చెట్ల కింద మామిడి పిందెలు చాపలాగా పరుచుకున్నాయి. ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ అందరి మనసులోకీ ఒకటే మాట వచ్చింది. ఎవరో తిన్నారు. ఆ రోజునుంచి ఊరు ఊరుగా లేదు. ముసలమ్మలు మనవల చేతులు వాసన చూశారు. గొడ్ల వెంట అడవికి వెళ్లినవాళ్లు ఒకరినొకరు కనిపెట్టుకుని తిరిగారు. అరకు సంతలో మైదానం కాయలు అమ్ముతారు, అక్కడ ఎవరు ఏ బుట్ట దగ్గర ఆగారో కూడా లెక్కకు వచ్చింది. మా అమ్మ సోని నోరు తెరిపించి చూసింది. సోని రెండు రోజులు నానమ్మతో మాట్లాడలేదు.

వదిన ఆ వారమంతా తల వంచుకుని పని చేసుకుంది. నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఉగాది మాకు పండుగ కాదు, టీవీవాళ్లకు పండుగ. అయినా ఆ మధ్యాహ్నం మా వాకిట్లో జనం పట్టలేదు. అన్న టీవీని అరుగు మీదకి తెచ్చాడు. దిసారి బుధు కూడా వచ్చాడు. దిసారి అంటే మా ఊరికి ముహూర్తాలు చెప్పి, దేవత పని చేసే పెద్ద. ఆయనకు మంచం వేశాం. వదిన కొత్త చీర కట్టుకుని గుమ్మం పక్కన నిలబడింది.

టీవీలో మా ఇల్లు కనబడగానే అందరూ గోల. మా కోడి, మా రోలు, మా పొయ్యి. వదిన సిగ్గుపడుతూ కొర్రలు కడుగుతోంది. తర్వాత ఒక చెయ్యి కత్తితో పచ్చని కాయ తరుగుతోంది. మామిడికాయ.

గోల తగ్గింది.

ఆ ముక్కలు కుండలో పడ్డాయి. గాజులమ్మ "కొండల్లో మామిడికాయ కొర్రన్నం, ఉగాది స్పెషల్" అంది. వదిన ఆకులో అన్నం తీసుకుంది. ముద్దలో పచ్చముక్క స్పష్టంగా కనబడుతోంది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. నవ్వింది. "ఎలా ఉందమ్మా?" అని గాజులమ్మ అడిగితే తల ఊపింది. సబ్బు ప్రకటన.

మేమంతా ఆమె గొంతు మీద చూపు పెట్టి ఉన్నాం. అలవాటు కదా. గుటక పడిందో లేదో ఎవరికీ కనబడలేదు. రోజూ ముందుగా అరిచేది మా అమ్మ. ఆ రోజు నోరు తెరవలేదు.

"నానమ్మా," అంది సోని. "అమ్మ మింగలేదు కదా?"

 దిసారి మంచం మీంచి లేచి వెళ్లిపోయాడు. ఆయన వెనక ఒక్కొక్కరూ లేచారు. వదిన వైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడ్డారో నేను చూశాను.

మర్నాడు పొద్దున ఊరి మధ్య రాళ్ల దగ్గర పంచాయితీకి కూర్చున్నారు. దిసారి చెడ్డమనిషి కాడు. మెత్తగానే మొదలుపెట్టాడు.

"గాసీ, తప్పు ఒప్పుకుంటే పెద్ద మాటేటీ కాదు. ఒక పంది, ఒక కోడి. పసుపు నీళ్లు. అయిపోద్ది."

"తినలేదు," అంది వదిన.

"సూసినాం కదమ్మా. ఊరందరం సూసినాం."

"సూసినారు. నాను తినలేదు."

"మరి కాయ మీ కుండలోకి ఎలాగొచ్చినాది?"

"ఆల్లు తెచ్చినారు."

"నువ్వు నోట్లో ఎట్టుకున్నావు."

"ఎట్టుకున్నాను. ఉమ్మేసినాను."

వెనకనుంచి ఎవరో నవ్వారు. దిసారి నవ్వలేదు. "చైత్ర పండగ ఎనిమిది దినాలుంది," అన్నాడు. "ఈలోపల ఒప్పుకో. లేపోతే నీ సేట నాను ముట్టుకోలేను."

ఆ మాట విలువ బయటివాళ్లకు తెలియదు. చైత్ర పండుగనాడు ప్రతి ఇంటి ఆడమనిషి తన ఇంటి విత్తనం చేటలో తెస్తుంది. సామ, చోడి, కొర్ర, ఏదుంటే అది. మా ఊరి దేవుడు శంకుదేముడి రాయి దగ్గర దిసారి ప్రతి చేటలోంచి పిడికెడు తీసి, అన్నీ కలిపి, కలిపినదాన్ని మళ్లీ అందరికీ పంచుతాడు. అది కలవని విత్తనం చల్లితే ఆ పొలంలోకి ఎవరూ పనికి రారు. మేము వాళ్లకు చేసి, వాళ్లు మాకు చేస్తేనే ఇక్కడ సేద్యం. ఎవరూ రాని చేను అడవి అయిపోతుంది. మా ఇంట్లో విత్తనం దాచేది, ఏరేది, బూడిద కలిపి ఎండిన ఆనపకాయ బుర్రల్లో పోసి కట్టేది వదినే. ఆమె చేట పక్కన పెట్టడమంటే ఆమెను పక్కన పెట్టడం.

"ఒప్పేసుకుందాం," అన్నాడు అన్న ఇంటికొచ్చాక. "పంది ఉంది కదా. ఇచ్చేత్తే పోద్ది."

"పంది నీది, ఇచ్చుకో. మాట నాది. సెయ్యని తప్పు ఒప్పుకోను."

అన్న ఆ పూట ఆమె వడ్డించింది తినలేదు. ఆకలి లేదన్నాడు. అబద్ధం.

నా సంగతి కూడా చెప్పాలి. ఊళ్లో ఎవరికి అన్యాయం జరిగినా ముందు గొంతెత్తేది నేను. ఫారెస్టు గార్డుల మీద, రేషను డిపో మీద, ఎవరి మీదకైనా వెళ్తాను. ఆ రోజు ఏం చేశానంటే, వదిన నీళ్లకు వెళ్లినప్పుడు పెరట్లో కర్రతో తవ్వి చూశాను. తొక్క దొరుకుతుందేమో, టెంక దొరుకుతుందేమో అని. టెంక దొరకలేదు. కంచె అవతల పెద్దకుండ పెంకులు దొరికాయి. జారి పడిన కుండ పొయ్యి దగ్గర పగులుతుంది, కంచె అవతల పగలదు. పెంకు చేత్తో పట్టుకుని లేచేసరికి వెనక వదిన నిలబడి ఉంది. నెత్తి మీద బిందె.

"ఏటి ఎతుకుతన్నావు సుక్రీ?"

నేను పెంకు వెనక్కి దాచుకున్నాను.

"ఆ కుండ నానే బద్దలుకొట్టినాను," అంది. "కొత్త అవని కాయ ఉడికిన కుండలో మీకెలాగ వండుతాను?"

బిందె దించి అక్కడే మట్టిలో కూర్చుంది. అప్పుడు చెప్పింది అంతా.

"గాజులమ్మొచ్చిందంటే నాకు కాలు నేల మీద ఆగలేదు. అడిగినవన్నీ తెచ్చిచ్చినాను. అప్పుడు వరహాలరావు సంచీలోంచి కాయలు తీసినాడు. కిందనుంచి తెచ్చినవి. ఉగాది పోగ్రాంకి మామిడికాయ లేపోతే ఎలాగన్నాడు. నాను కొత్త అవలేదన్నాను. టోపీ బాబు ఒకడున్నాడు, ఆల్లందరికీ పెద్ద. మీ సెట్టు కాయలు కావు కదమ్మా అని నవ్వినాడు. కాయ ఏ సెట్టుదయితే ఏటి, నోరు మాది కదా అన్నాను. మింగొద్దు, ఉమ్మీ అన్నాడు. ఆ ముక్క కోసేత్తాం, టీవీలో కాయే కనపడదు అన్నాడు. మూడుసార్లు తీసినారు. మూడుసార్లూ దొన్నెలో ఉమ్మేసినాను. గాజులమ్మా ఉమ్మేసింది, పిలాస్టిక్ సంచీలో. అత్త సెప్పిందే నిజవని లోపల నవ్వుకున్నాను కూడా."

"ఆ రోజే మాకెందుకు సెప్పలేదు?"

"ఏటని సెప్పను? కొత్త అవని కాయని గుమ్మం దాటి రానిచ్చినానని సెప్పనా? కోసేత్తామన్నాడు కదా, అయిపోయింది అనుకున్నాను. తరవాత వడగళ్లు పడ్డాయి. ఇంక నోరెలా ఎత్తను?"

నేను నమ్మానా? సగం. మిగతా సగానికి సాక్ష్యం కావాలనిపించింది. ధర్నాల్లో తిరిగిన మనిషిని, కాగితం లేనిదే ఏదీ నిలవదని నాకు ఒంటికి పట్టేసింది.

శుక్రవారం అరకు సంత. కొండ దిగి ముందు ఎస్టీడీ బూతుకు వెళ్లాను. కార్యక్రమం చివర్లో వేసే నంబరు సోని నోటుపుస్తకంలో రాసి ఉంచింది. అరగంట ప్రయత్నిస్తే ఒకతను ఎత్తాడు.

"నమస్తే మేడమ్, ఉగాది ఎపిసోడ్ నచ్చిందా?"

"మా వదిన మామిడికాయ ఉమ్మేసింది. ఆ ముక్క మీ దగ్గర ఉండాల. అది మాకు పంపండి."

"ఉమ్మేయడమా? అలాంటిదేమీ వెయ్యలేదు మేడమ్ మేము."

"వెయ్యలేదనే అడుగుతున్నాను."

అతను పక్కన ఎవరితోనో మాట్లాడాడు. మళ్లీ వచ్చాడు. "పాత టేపులు ఉంచం మేడమ్. దాని మీదే వేరే షూటింగ్ ఎక్కించేస్తాం. అయినా ఆవిడ చాలా సహజంగా తిన్నారని అందరూ మెచ్చుకున్నారు."

"తినలేదని చెబుతున్నాను."

"తిన్నట్టే ఉంది కదా మేడమ్," అని పెట్టేశాడు.

అక్కడినుంచి వరహాలరావు దుకాణానికి వెళ్లాను. చింతపండు కాటా వేస్తున్నాడు.

"ఏటమ్మా సుక్రీ, ఈ వారం ధర్నా ఎక్కడ?"

"నీ దుకాణం ముందరే. మా వదిన ఉమ్మేసిందా లేదా? నువ్వు సూసినావా లేదా?"

అతని మొహంలో వెటకారం పోయింది. అటూ ఇటూ చూసి లోపలికి రమ్మన్నాడు. నేను వెళ్లలేదు, గుమ్మంలోనే నిలబడ్డాను.

"సూసినాను," అన్నాడు గొంతు తగ్గించి. "మూడుసార్లూ ఉమ్మేసింది. నాలుగోసారి తీద్దావన్నాడు ఆ టోపీవోడు. ఆవిడ కళ్లమ్మట నీళ్లు తిరుగుతున్నాయి, వొద్దులే అని నానే అన్నాను. దేవుడి తోడు."

"ఆ మాట వచ్చి ఊళ్లో సెప్పు."

"ఎలాగొస్తానమ్మా? కాయలెవులు తెచ్చినారంటే ఏటి సెప్పాల? రేపట్నుంచి మీ కొండ మీద నాకు అడ్డాకు అమ్మేవోలుంటారా?"

"రాపోయినా ఉండరు. అది నాను సూసుకుంటాను."

"నువ్వెళ్లి సెప్పుకో. నాను అనలేదంటాను," అని మళ్లీ కాటా దగ్గరకు వెళ్లిపోయాడు.

అయినా కొండ ఎక్కుతుంటే నాకు ఒళ్లు తేలికగా ఉంది. ఉమ్మేసిందని తేలిపోయింది. పరిగెత్తినట్టే ఇంటికొచ్చాను. వదిన రోట్లో సామలు దంచుతోంది. అమ్మ పక్కన చేట పట్టుకుని చెరుగుతోంది.

"వదినా, వరహాలరావు ఒప్పుకున్నాడు. నువ్వు ఉమ్మేసినావని సెప్పినాడు."

వదిన రోకలి ఆపలేదు. "ఆడు సెప్పినాడా. అయితే నిజవే అయ్యుంటాది."

నాకు చెంప పగిలినట్టయింది. ఆమె ఇంకో నాలుగు పోట్లు వేసి రోకలి గోడకు చేర్చింది.

"రోజూ ఇదే గుమ్మంలో కూకుని ఏటంటారు మీరు? ఆ పెట్టెలో ఎవులూ మింగరంటారు. గాజులమ్మ మింగదు. సీర కట్టుకున్నావిడ మింగదు, కోటేసుకున్నోడు మింగడు. ఇన్నాళ్లలో మింగినదాన్ని నానొక్కదాన్నే దొరికినానా మీకు?"

  నేను వదినను నమ్మడానికి ఒక మైదానం వర్తకుడి మాట కావలసి వచ్చింది. అదీ దుకాణం చాటున చెప్పిన మాట, ఊళ్లో చెప్పనన్న మాట. పదిహేనేళ్లుగా ఒకే కుండలో తిన్న మనిషి ఎదురుగా కూర్చుని చెబితే చాలలేదు. మిమ్మల్ని తిడుతూ ఈ కథ మొదలుపెట్టాను. తిట్టింది తిట్టినట్టే ఉంటుంది, వెనక్కి తీసుకోను. కానీ మీరు కోసింది టేపు. నమ్మకం కోసుకుంది మేము.

అమ్మ చేట కింద పెట్టింది. "సుక్రీ," అంది. "ఆ దినం రాళ్లకాడ మట్టెవులు ముట్టినారు?"



మా ఊళ్లో ఒకరి మీద తప్పు మోపాలంటే ఒక పద్ధతి ఉంది. కళ్లారా చూసినవాడు శంకుదేముడి రాయి ముందు మట్టి తీసి నాలుక మీద పెట్టుకుని, చూశాను అని చెప్పాలి. అబద్ధమైతే ఆ మట్టి వాణ్ణి తింటుంది. నా చిన్నప్పుడు గొర్రె దొంగతనం జరిగినప్పుడు ముగ్గురు చూశామన్నారు. మట్టి దాకా వచ్చేసరికి ఇద్దరు వెనక్కి తగ్గారు. వదిన విషయంలో ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. ఊరందరం చూశాం కాబట్టి ఇంక మట్టెందుకు అనుకున్నాం. ఒకడు చూస్తే మట్టి ముట్టాలి. నూరుమంది టీవీలో చూస్తే అక్కర్లేదు. ఈ తప్పు ఎవరూ మాకు నేర్పలేదు, మేమే చేసుకున్నాం.

"నానూ సూసినాను," అంది అమ్మ. "కళ్లు సించుకుని సూసినాను. గుటక నాకు కనపడలేదు. కనపడలేదని ఆ దినవే అనాల్సింది. అనలేపోయినాను." తర్వాత వదిన వైపు తిరిగింది. "నీ నోరు కూడా సూత్తానేమోనని బయపడ్డావేటే?"

"బయపడ్డాను," అంది వదిన.

అమ్మ లేచి వెళ్లి కుండలోంచి అంబలి పోసి వదిన చేతికిచ్చింది. 

చైత్ర పండుగనాటి పొద్దున ఆడవాళ్లంతా చేటలతో శంకుదేముడి రాయి దగ్గర వరస కట్టారు. వదిన కూడా వచ్చి చివర నిలబడింది. ఆమెకూ ముందున్న మనిషికీ మధ్య నలుగురు పట్టేంత జాగా. అన్న మగవాళ్లలో ఎక్కడో వెనక ఉన్నాడు. పంది తాడు పట్టుకుని వచ్చాడు, ఎందుకైనా మంచిదని. దిసారి ఒక్కో చేటలోంచి పిడికెడు తీసి పెద్దబుట్టలో వేస్తున్నాడు. వదిన వంతు వచ్చింది. ఆమె చేట చాపింది. ఆయన చెయ్యి ముందుకు రాలేదు. నా వైపు చూశాడు.

"అరకు ఎళ్లినావంట కదా సుక్రీ. టేపు తెచ్చినావేటి?"

"తేలేదు."

"సాచ్చెం?"

"తేలేదు. ఎతుక్కుంటా తిరిగినాను, బుద్ధి లేక. టేపు మీద ఇంకో ఊరి వంట ఎక్కించేసినారంట. వరహాలరావు సూసినాడు గానీ రాడంట. రాపోయినా ఈ కొండ మీంచి ఒక్క అడ్డాకు ఆడికి ఎళ్లదు, అది మనం తరవాత మాటాడుకుందాం. దిసారీ, పెద్దోడివి, నీకు తెలీని పద్ధతి నాను సెప్పక్కర్లేదు. మా వదిన తిన్నాదని మట్టెవులు ముట్టినారు?"

దిసారి జనం వైపు చూశాడు.

"ముందు నన్నడుగు. నానూ సూసినాను. సూసి పెరడంతా తవ్వినాను. నాను మట్టి ముట్టలేను. మా అమ్మ ముట్టలేదు. అదిగో మా అన్న, పంది తాడట్టుకుని నిలబడ్డాడు. ఆడినడుగు, ముట్టగలడేమో."

అన్న తాడు వదిలేశాడు. పంది కాసేపు అక్కడే నిలబడి, తర్వాత పొదల్లోకి పోయింది. దాన్ని పట్టుకోవడానికి ఎవరూ కదల్లేదు. వదిన చాపిన చేట అలాగే పట్టుకుంది. దించలేదు.

"మనిషి నోటి మాట మనకి ఎదురుగా ఉంది. ఆ పెట్టె మట్టి ముట్టదు, దానికి నాలికే లేదు. కాబట్టి ముట్టేది మీరే. సూసినానన్నోలు ఒక్కొక్కరూ రండి. మట్టి తీసి నాలిక మీద ఎట్టుకుని, చిట్టెమ్మ మింగింది, నాను సూసినాను అని ఈ రాయికి సెప్పండి. అలా సెప్పేవోలు లేపోతే ఇంక సాగదియ్యడానికి ఏటీ లేదు. దిసారీ, సెయ్యి సాపు. మా వదిన సేట అందుకో. ఇప్పుడే అందుకో."